బొయిపరిగుడకొచ్చిన హెరాల్డు

మా షెడ్డులో పానాల పెట్టెలు మూడున్నాయి. ఒకటి విట్‌వర్త్ పానాలది, ఒకటి అంగుళాలది, ఒకటి మిల్లీమీటర్లది. మా నాన్న బతికున్నన్నాళ్లూ ఆ మూడింటినీ కలవనివ్వలేదు. కొత్తగా చేరిన కుర్రాడెవడైనా అంగుళాల పెట్టెలో పదమూడు నంబరు పానా పడేశాడా, ఆ పూట వాడికి తిట్లతోనే కడుపు నిండేది. "అరంగుళం నట్టుకి పదమూడు తగిలించీసినావేటిరా? నట్టు నలిగిపోనాది సూడు" అనేవాడు. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. పదమూడు పానాకి అక్కడ 0.3 మిల్లీమీటరు వదులు. మొదటిసారి తిరుగుతుంది, రెండోసారి మూలలు అరుగుతాయి, మూడోసారి ఉలీ సుత్తీ పట్టుకోవాల్సిందే.

ఆ పెట్టెల్ని వరసగా తెరిస్తే మోటారు బండి ఈ కొండల్లోకి ఎలా వచ్చిందో తెలుస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా కోరాపుట్ అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాకి చెందిన ఏజెన్సీ. జయపురం సంస్థానం దాని నడిబొడ్డు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన విక్రమదేవ వర్మగారిది ఆ గద్దే. ఉప్పూ, కిరసనాయిలూ, తాఖీదులూ, తాసిల్దార్లూ అందరూ విజయనగరం, సాలూరు మీదుగా సుంకి ఘాటెక్కి వచ్చినవాళ్లే. మోటారు పని తెలిసిన చేతులూ ఆ దారినే వచ్చాయి. ఇవాళ్టికీ జయపురంలోనూ, మా బొయిపరిగుడ రోడ్డు మీదా లారీ కింద దూరిన మేస్త్రీని తెలుగులో పిలిస్తే పలికేవాడు దొరుకుతాడు.

మొదటి పెట్టె పాత ఇంగ్లీషు లారీలది. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు 1841లో మరలకి ఒక కొలత పెట్టాడు. ఆ పానా మీద రాసిన అంకె నట్టు వెడల్పుది కాదు, బోల్టు లావుది. తెలియనివాడు పావంగుళం పానా తీసుకుని పావంగుళం నట్టు వెతుక్కుంటూ పొద్దు గడిపేస్తాడు. రెండో పెట్టెని రెండో ప్రపంచ యుద్ధం తెచ్చింది. అమెరికా వాళ్ల విల్లీస్ జీపులు, మిలటరీ లారీలు యుద్ధమయ్యాక వేలంలో అమ్ముడయ్యాయి. వాటి నట్లకి కొలత తల వెడల్పే. యుద్ధంలో బ్రిటన్ మరా అమెరికా మరా ఒకదాంట్లో ఒకటి ఎక్కక నానా తంటాలు పడ్డాక, 1948 నవంబరులో ఆ రెండు దేశాలూ కెనడాతో కూర్చుని ఒకే కొలతకి ఒప్పుకున్నాయి. ఇంగ్లీషు కార్లు మెల్లిమెల్లిగా అంగుళాల పెట్టెలోకి మారాయి. మూడో పెట్టె 1954 తర్వాతది. టాటా వాళ్లు జంషెడ్‌పూర్‌లో మెర్సిడెస్ బెంజ్ లారీలు తయారుచెయ్యడం మొదలుపెట్టాక జర్మనీ మిల్లీమీటర్లు ఘాటెక్కాయి. అవి మళ్లీ దిగలేదు.

మా నాన్న సాలూరు మనిషి. సాలూరంటే లారీలు. ఊళ్లో పుట్టిన మగపిల్లాడికి స్టీరింగో సుత్తో తప్పదనుకునే రోజులు. ఆయన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ ప్రాజెక్టులో ఫిట్టరు కింద సహాయకుడిగా చేరాడు. మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు కలిసి మొదలుపెట్టిన ప్రాజెక్టది. పని మధ్యలో ఉండగానే ఆంధ్ర రాష్ట్రం వచ్చి మద్రాసు వాటా మనదైంది. 1955 ఆగస్టులో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చి ప్రారంభించారు. తర్వాత యూనిట్లు పెరిగి 114.75 మెగావాట్లకి చేరింది. ప్రాజెక్టు వాళ్ల ఒనకఢిల్లీ కాలనీలో సగం ఇళ్లలో తెలుగే వినపడేదని నాన్న చెప్పేవాడు. ప్రాజెక్టు పని సన్నగిల్లాక కొందరు వెనక్కి దిగిపోయారు, కొందరు ఇక్కడే చక్రాల దగ్గర స్థిరపడ్డారు. 1958లో దండకారణ్య ప్రాజెక్టు వచ్చింది. తూర్పు బెంగాల్ శరణార్థుల్ని మల్కన్‌గిరి వైపు, ఉమ్మర్‌కోట్ వైపు స్థిరపరిచే పని. వాళ్లకి లారీలు కావాలి, జీపులు కావాలి, ట్రాక్టర్లు కావాలి. జయపురం నుంచి మల్కన్‌గిరి వెళ్లే దారిలో ఉన్న బొయిపరిగుడలో ఒక షెడ్డు నిలబడడానికి అంతకన్నా ఏం కావాలి? నాన్న రెండు తాటిదూలాలు పాతి రేకు కప్పేశాడు.

అలాంటి షెడ్డుకి ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు వస్తుందని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు.

తెచ్చినవాడు జయపురంలో ఒక తెలుగు షావుకారి మనవడు. విశాఖపట్నంలో కంప్యూటర్ ఉద్యోగం. తాతగారి రైసుమిల్లు వెనక, గోనె సంచుల చాటున ఏళ్ల తరబడి పడున్న స్టాండర్డ్ హెరాల్డుని ట్రాక్టరు ట్రాలీ మీద వేసుకొచ్చాడు. రెండు తలుపుల బండి. "మేస్త్రీ, దీన్ని స్పోర్ట్స్ కారు చెయ్యాలి. టాపు కోసేద్దాం, ఎరుపు కొట్టిద్దాం" అన్నాడు. మా కుర్రాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. లారీలు, జీపులు, ట్రాక్టర్లు, ఎమ్మెల్యేల అంబాసిడర్లు చూశాను గానీ, ఒక పాత కారుని మొదటి నుంచీ చివరిదాకా విప్పి మళ్లీ నిలబెట్టే పని అప్పటికి నా చేతికి రాలేదు. భయం లేదంటే అబద్ధం. అయితే ఆ కుర్రాడన్న మాటలో సగం నిజముంది. ఆ సగం ఏమిటో చెప్పడానికే ఇదంతా.

ఇంగ్లీషు స్పోర్ట్స్ కారంటే మనకి సినిమాల్లో దొరబాబులు నడిపే బండి గుర్తొస్తుంది. దాని పుట్టుక మాత్రం చాలా మామూలుది. ఆక్స్‌ఫర్డ్‌లో మోరిస్ గ్యారేజెస్ అని ఒక కార్ల దుకాణం. 1922లో సెసిల్ కింబర్ దానికి మేనేజరయ్యాడు. మోరిస్ వాళ్ల మామూలు కారు చాసీ తీసుకుని, దాని మీద తేలికైన బాడీ కట్టి, ఇంజనుని కాస్త సానబెట్టి అమ్మాడు. ఎంజీ అన్న రెండక్షరాలు ఆ దుకాణం పేరే. 1953లో స్టాండర్డ్ కంపెనీ ట్రయంఫ్ అన్న పేరుతో టీఆర్2 తెచ్చింది. దాని ఇంజను స్టాండర్డ్ వాన్‌గార్డ్ అనే కుటుంబాల కారుది. అదే వంశం ఇంజను ఫెర్గూసన్ ట్రాక్టరులోనూ ఉండేది, ఎందుకంటే కోవెంట్రీలో ఆ ట్రాక్టర్లు తయారుచేసిందీ స్టాండర్డ్ కంపెనీయే. రేసుల్లో టీఆర్2ని తోలిన ఇంగ్లీషువాడూ, పక్క పొలంలో దుక్కి దున్నిన ఇంగ్లీషు రైతూ తెలియకుండానే ఒకే ఇంజనుకి నూనె పోశారు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ధైర్యం వచ్చింది. ట్రాక్టరు విప్పినవాడికి స్పోర్ట్స్ కారు పరాయిది కాదు.

మా షెడ్డులోకి వచ్చిన హెరాల్డుకి అలాంటి బంధువు ఒకటుంది. పేరు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. 1962 అక్టోబరులో లండన్ మోటార్ షోలో బయటపెట్టారు. రెండు సీట్లు, పొడుగు మూతి, టాపు లేని బండి. 1980 దాకా తయారైంది, 3 లక్షల పైచిలుకు అమ్ముడయ్యాయి. దాని కింద ఉన్నది హెరాల్డు చాసీయే, పొడవు తగ్గించి. ముందు సస్పెన్షను హెరాల్డుదే, వెనక కమానూ, యాక్సిళ్లూ హెరాల్డువే, ఇంజనూ ఆ కుటుంబానిదే. గీసింది కూడా ఇటలీకి చెందిన అదే మనిషి, జొవాన్నీ మికెలోట్టి. స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీ డబ్బుల్లేక నమూనా బండిని ఒక మూల గుడ్డ కప్పి పెట్టేస్తే, 1961లో కంపెనీని కొన్న లేలాండ్ వాళ్ల మనిషి ఫ్యాక్టరీ చూస్తూ ఆ గుడ్డ ఎత్తి, తయారుచెయ్యమన్నాడని చెబుతారు. లేలాండ్ అంటే లారీల కంపెనీ. నాలాంటివాడు గర్వపడాల్సిన ముచ్చటే.

ఇక హెరాల్డు సొంత కథకి వస్తాను. ఈ బండి దగ్గర కూర్చుని నట్టు నట్టూ విప్పుతుంటే అసలీ కారుని ఇన్ని ముక్కలుగా ఎందుకు చేశారన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. బానెట్టు, రెండు మడ్‌గార్డులు కలిపి ఒకే ముక్క, మొత్తం ముందుకి తెరుచుకుంటుంది. ముందు చక్రం మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. అద్దం కింద గోడ ఒక ముక్క. వెనక తొట్టి ఇంకో ముక్క. టాపు వేరే ముక్క. అన్నీ బోల్టులతో ఒకదానికొకటీ, కిందనున్న చాసీకీ బిగించినవే. అప్పటికి కొత్త కార్లు చాలావరకు చాసీ లేకుండా ఒకే పెట్టెలా అతికించిన బాడీలతో వస్తున్నాయి. వీళ్లు మాత్రం వెనక్కి నడిచారు.

కారణం సొగసు కాదు, అవసరం. స్టాండర్డ్ కంపెనీకి బాడీలు చేసిపెట్టే ఫిషర్ అండ్ లడ్లో అనే కంపెనీని 1953లో పోటీదారైన బీఎంసీ కొనేసింది. కొత్త కారుకి బాడీ చేసిచ్చే పెద్ద ప్రెస్సు దిక్కు లేకుండా పోయింది. అప్పుడు చీఫ్ ఇంజనీరు హ్యారీ వెబ్‌స్టర్, చిన్న చిన్న కంపెనీలు తలో ముక్కా చేసిచ్చేలా బండిని విడగొట్టాడు. ముక్కల్ని కోవెంట్రీ తెచ్చి చాసీ మీద బిగించారు. 1959 ఏప్రిల్లో లండన్ ఆల్బర్ట్ హాల్లో హెరాల్డుని విడుదల చేశారు. ఇరుకు పడ్డ కంపెనీ చేసిన ఉపాయం అది. అరవై ఏళ్ల తర్వాత, పెద్ద ప్రెస్సు కాదు గదా సరైన లిఫ్టు కూడా లేని బొయిపరిగుడ షెడ్డులో ఆ ఉపాయమే నాకు పనికొచ్చింది. ఒకే పెట్టెలా అతికించిన బండైతే కింద పుచ్చిపోతే బండి మొత్తం పోయినట్టే. దీన్ని ముక్క ముక్కగా ఊడదీసి నలుగురు మనుషులు మోసి వేపచెట్టు కింద పెట్టేశారు.

కోరాపుట్‌లో ఏడాదికి సుమారు 1500 మిల్లీమీటర్ల వాన. గోనె సంచుల చాటున ఉన్నా తేమ వదల్లేదు. చాసీ నడిమి కమ్మీలు సుత్తితో కొడితే ఖంగుమన్నాయి. పక్కలకి చాచుకున్న చేతులు మాత్రం స్క్రూడ్రైవరు గుచ్చితే దిగిపోయాయి. బాడీ బరువు మోసేది అవే. కొలతలు గీసుకుని, మందం రేకు తెచ్చి, గ్యాస్ వెల్డింగుతో కొత్తవి కట్టాను. లప్పం గీకుతుంటే రంగులు పొరలు పొరలుగా బయటపడ్డాయి. పైన మెరూను, దాని కింద మీగడ రంగు, అన్నిటికన్నా అడుగున లేత నీలం. డాష్‌బోర్డు వెనక ఎవరూ ముట్టని చోట ఆ నీలం కొత్తదానిలా ఉంది. ఎరుపు కావాలన్న కుర్రాడిని పిలిచి అక్కడ టార్చి వేసి చూపించాను. చాలాసేపు చూశాడు. "తాతయ్య కొన్నప్పటి రంగా?" అన్నాడు. ఎరుపు ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఆ నీలం పూసింది కోవెంట్రీలో కాదు, మద్రాసులో. 1948లో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా పెట్టారు. మద్రాసు శివార్లలో వండలూరు దగ్గర ఫ్యాక్టరీ. మొదట వాన్‌గార్డు, తర్వాత స్టాండర్డ్ ఎయిటు, టెన్ను, పెన్నెంటు. 1953లో టారిఫ్ కమిషన్ ఈ దేశంలో తయారుచేసే పథకం లేనివాళ్లకి ఇక్కడ పని లేదని తేల్చాక ఫోర్డు, జనరల్ మోటార్స్ మూటాముల్లె సర్దుకున్నాయి. విదేశీ కారు దిగుమతి దాదాపు ఆగిపోయింది. ఎంజీ, టీఆర్ లాంటివి ఏ రాజుగారి దగ్గరో, తేయాకు తోటల దొర దగ్గరో మిగిలినవి మిగిలాయి. మామూలు మనిషికి మూడే దారులు: కలకత్తా అంబాసిడరు, బొంబాయి ఫియటు, మద్రాసు స్టాండర్డు. 1961లో మద్రాసు ఫ్యాక్టరీ హెరాల్డు మొదలుపెట్టింది. ఇంగ్లండులో ఆ ఏడే ఇంజనుని 1147 సీసీకి పెంచారు, తర్వాత 1296కి. మన హెరాల్డు 948 సీసీతోనే కాపురం వెళ్లదీసింది. ఇంగ్లండులో ఎప్పుడూ లేని నాలుగు తలుపులు మాత్రం మనవాళ్లు పెట్టారు. కుటుంబమంటే అత్తగారు కూడా ఎక్కాలి కదా.

అంబాసిడరు గౌరవం, ఫియటు పొదుపు. హెరాల్డు కొనేవాడికి మాత్రం కొంచెం సరదా ఉండేది. కిందికి కూర్చోవాలి, స్టీరింగు తేలిక, ఇరవై అయిదు అడుగుల్లో తిరిగిపోతుంది. సందులో అంబాసిడరు ముందుకీ వెనక్కీ కుస్తీ పడుతుంటే ఇది ఒక్క తిప్పుతో వచ్చేసేది. మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద జరిగే రేసుల్లో హెరాల్డులు ఫియట్లతో పోటీకి దిగేవి. ఇంగ్లండులో స్పిట్‌ఫైర్ చేసిన పనిని మన దగ్గర దాని అక్కే చెయ్యాల్సి వచ్చింది.

ఈ బండికి ప్రాణం మీదికి తెచ్చేది ఒక చిన్న వస్తువు. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే నిలువు లింకు ఉక్కుది. దాని అడుగు కొసకి మరలుంటాయి. ఆ మరలు కంచు దిమ్మెలోకి ఎక్కుతాయి. దాన్ని ట్రనియన్ అంటారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ ఉక్కు మర కంచులో తిరుగుతుంది. ఎడమవైపు మర ఒక దిక్కు, కుడివైపు మర ఇంకో దిక్కు. ఒకటి తీసి రెండోవైపు ఎక్కిద్దామంటే ఎక్కదు. కంపెనీ పుస్తకంలో స్పష్టంగా ఉంది, దానికి పొయ్యాల్సింది గేరు ఆయిలు. ప్లగ్గు విప్పి, నిపుల్ బిగించి, గన్నుతో తొంభై నంబరు ఆయిలు ఎక్కించాలి. నిపుల్ పట్టే చోటు కనిపిస్తే మన మేస్త్రీల చెయ్యి ఊరుకుంటుందా? లారీ అలవాటుగా గ్రీజు కొట్టేస్తారు. గ్రీజు మరల మధ్యకి పోదు, ఎండిపోయి గట్టిపడుతుంది. కింద నుంచి నీళ్లు చేరతాయి. లింకు మెడ లోపల్లోపల తుప్పు తింటుంది. ఒకనాడు మలుపులో ఫట్‌మని విరిగి చక్రం బండి కిందికి మడుచుకుపోతుంది. మేం విప్పిన వాటిలో గ్రీజు నల్లటి మైనంలా ఉంది. కిరసనాయిల్లో రాత్రంతా నానబెట్టి, పుల్లతో తవ్వి తీస్తే ఒక లింకు మరల మీద వెంట్రుకంత చీలిక కనపడింది. దాన్ని వెల్డు చేసి వాడమన్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు జయపురంలో. స్టీరింగు సామాన్లకి వెల్డింగు చెయ్యకూడదన్నది మా నాన్న పెట్టిన నియమం. అది మారదు.

కొత్త లింకులు ఎక్కడివి? వండలూరు ఫ్యాక్టరీ 1985లో స్టాండర్డ్ 2000 అని పెద్ద కారు ఒకటి తెచ్చింది. పై బాడీ ఇంగ్లండు రోవరుది, లోపలి ఇంజను పాత వాన్‌గార్డు వంశానిది. జనం మెచ్చలేదు, 1988కి ఫ్యాక్టరీ మూతపడింది. హెరాల్డు సామాను అంతకు ముందే కరువు. విజయవాడ ఆటోనగర్‌లోనూ, మద్రాసు పుదుపేటలోనూ పాత ఇనుము కుప్పల్లో వెతకడం ఒక దారి. కానీ అక్కడ దొరికేవీ గ్రీజు తిన్నవే. కుర్రాడు కంప్యూటరులో చూసి చెప్పాడు, ఇంగ్లండులో ఆ లింకులూ ట్రనియన్లూ ఇవాళ్టికీ కొత్తవి చేస్తున్నారని. హెరాల్డు కోసం కాదు, స్పిట్‌ఫైర్ కోసం. లక్షల్లో అమ్ముడైన ఆ బండిని అక్కడి ముసలివాళ్లు ఇంటి గ్యారేజీల్లో విప్పుకుని బిగించుకుని మురిసిపోతుంటారట. వాళ్ల సరదా వల్ల ఆ మరలు కోసే లేతులు ఆగలేదు. పార్సిలు వచ్చింది, దాని మీద సుంకం కట్టాం, సామాను చేతికందింది. ఒక్క తేడా లేకుండా ఎక్కింది. స్పోర్ట్స్ కారు చెయ్యమన్న కుర్రాడికి అప్పుడు చెప్పాను, "బాబూ, ముందు కాళ్లయితే స్పోర్ట్స్ కారువే పెట్టేశాం" అని.

ఇంజను పెద్దగా ఏడిపించలేదు. ఈ ఇంజనుకి ఒక పాత జబ్బుంది. క్రాంకు ముందుకీ వెనక్కీ కదలకుండా ఆపే అర్ధచంద్రం వాషర్లు వెనక బేరింగు దగ్గరుంటాయి. క్లచ్చు తొక్కిపెట్టి నిలబెట్టే డ్రైవర్ల చేతిలో అవి అరిగి, ఊడి, చాంబరులో పడిపోతాయి. తర్వాత క్రాంకే బ్లాకుని నమిలేస్తుంది. ఇక్కడి దేసియా భాష మాట్లాడే మా కుర్రాడిని లోపల కూర్చోబెట్టి క్లచ్చు తొక్కమన్నాను. నేను ముందు పుల్లీ మీద వేలు పెట్టి చూశాను. తొక్కినప్పుడల్లా పుల్లీ కళ్లకి కనిపించేంత ముందుకొస్తోంది. చాంబరు దించితే ఒక వాషరు అడుగున మడ్డిలో పడుంది, ఇంకోటి కాగితంలా పల్చబడి చోటులోనే ఉంది. మన అదృష్టం, బ్లాకుకి దెబ్బ తగల్లేదు. జయపురంలో బోరు చేయించి, వాషర్లు మార్చి, వాల్వులకి పది థౌ, అంటే అంగుళంలో నూరో వంతు, సందు పెట్టి బిగించేశాం.

అసలు సిసలు ఆలోచనంతా వెనక చక్రాల దగ్గరే. హెరాల్డు వెనక అంబాసిడరులాంటి ఒంటి యాక్సిల్ లేదు. మధ్యలో డిఫరెన్షియల్ చాసీకి బిగించి ఉంటుంది. దాని మీద అడ్డంగా ఒకే కమాను, దాని రెండు కొసలకీ చెరో చక్రం. యాక్సిలుకి జాయింటు లోపలి కొసనే. అంటే చక్రం పైకీ కిందికీ కదిలితే నిటారుగా ఉండదు, వాలుతుంది. ఇంటిల్లిపాదీ ఎక్కి డిక్కీలో బస్తా వేస్తే చక్రాలు పైన లోపలికీ కింద బయటికీ వాలిపోయి టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి. ఖాళీగా వేగంగా మలుపులో దిగుతూ ఠక్కున యాక్సిలరేటరు వదిలేస్తే, వెనక భాగం పైకి లేచి చక్రం లోపలికి ముడుచుకుంటుంది. బండి తోక తిప్పేస్తుంది. చదునైన ఇంగ్లండు రోడ్డు మీద అది కుర్రాళ్ల సరదా కావచ్చు. సుంకి ఘాటు మలుపుల్లో కాదు. స్పిట్‌ఫైర్‌కీ ఇదే తెగులు. 1970లో కమాను కట్టే పద్ధతి మార్చి దాన్ని సర్దారు. మద్రాసు వాళ్లు ఇంకా సూటిగా తేల్చేశారు. 1971లో హెరాల్డు ఆపేసి 1972లో గజెల్ తెచ్చినప్పుడు దానికి లారీలాగా, అంబాసిడరులాగా ఒంటి యాక్సిల్ పెట్టారు. మన రోడ్డు మీదా మన లోడు మీదా పదేళ్లు చూశాక వచ్చిన బుద్ధి అది. ఇంగ్లీషు పుస్తకాల్లో గజెల్‌ని చిన్నచూపు చూస్తారు. ఘాటు తెలిసినవాడు అలా అనడు.

కుర్రాడి ముందు రెండు దారులు పెట్టాను. ఎక్కణ్నుంచైనా గజెల్ యాక్సిల్ తెచ్చి వేద్దామా, ఉన్నదాన్నే బాగుచేద్దామా అని. ఉన్నదే కావాలన్నాడు. కమాన్‌ని సాలూరు పంపాను. లారీ కమాన్లు కాల్చి వంచి కట్టేవాళ్లు ఈ బుల్లి కమాన్‌ని చేతిలో పట్టుకుని ఇదేం బండిరా అని వింతగా చూశారట. పట్టీలు మళ్లీ వంపు తీసి పంపారు. బండి కింద పెట్టాక వెనక చక్రాలు సరిగ్గా నిలబడ్డాయి. ఒక్కటే షరతు పెట్టాను, ఘాటులో దిగేటప్పుడు గేరులో ఉంచు, మలుపుకి ముందే వేగం తగ్గించు, మధ్యలో కాలు తియ్యొద్దు. అలా తోలడం నేర్చుకున్నవాడు ఇంగ్లండులో స్పిట్‌ఫైర్ అయినా తోలగలడు.

టాపు సంగతి మిగిలింది. కోసేద్దామని మొదటి రోజే అన్నాడు కదా. హెరాల్డు టాపుకి కత్తెర అక్కర్లేదు. అద్దం పై అంచునా, వెనక తొట్టి దగ్గరా బోల్టులు విప్పితే మొత్తం పైకి లేస్తుంది. అరవైల్లో కుర్రకారు అలాగే తీసి తిరిగేవారని నాన్న చెప్పేవాడు. మేమూ లేపి చూశాం. నలుగురు పట్టుకుని పక్కన పెట్టారు. లేత నీలం బండి, టాపు లేకుండా, ఎండలో. కుర్రాడు నోట మాట లేకుండా చుట్టూ తిరిగాడు. మా వాళ్లు ఫోటోలు తీసుకున్నారు. టాపు తీశాక బండి కాస్త సడలుతుంది. గతుకుల్లో తలుపులు కీచుమంటాయి. అందుకే ఇంగ్లండు కంపెనీ ఓపెన్ మోడల్‌కి అదనంగా బలం కట్టింది. అది నచ్చజెప్పాను. దానికన్నా పెద్ద అడ్డంకి కాగితాల్లో ఉంది.

యాభై ఏళ్లు దాటిన బండికి 2021 జులైలో కేంద్రం వేరే రిజిస్ట్రేషను పెట్టింది. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని ఉంటుంది. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత 5,000 కట్టి పొడిగించుకోవాలి. చాసీ, బాడీ, ఇంజను పుట్టినప్పటిలాగే ఉండాలి. టాపు కోసి స్పోర్ట్స్ కారు చేశామంటే ఆ రిజిస్ట్రేషనులో చోటు లేదు. బోల్టులున్న టాపుని తీసిన చేత్తోనే పెట్టేశాం. కొత్త రబ్బరు బీడింగు వేసి, ఒక బిందె నీళ్లు పోసి చూశాం, చుక్క కారలేదు. కుర్రాడు రూలు కాగితం ఇంగ్లీషులో చదివి వినిపించాడు. ఆ బండి రోజూ తోలడానికి లేదు, కిరాయికి లేదు. ప్రదర్శనకి, పాత కార్ల ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకి మాత్రం రోడ్డెక్కొచ్చు.

"మరమ్మతు మేస్త్రీ ఎంత దూరంలో ఉండాలో రాశారా?" అని అడిగాను.

"రాయలేదు మేస్త్రీ" అన్నాడు. విశాఖపట్నం నుంచి బొయిపరిగుడ రెండు వందల కిలోమీటర్ల పైమాటే, మధ్యలో సుంకి ఘాటు. దసరాకి ఆయిలు మార్చడానికి వస్తానన్నాడు. ట్రనియన్లకి తొంభై నంబరు ఆయిలు నేను తెప్పించి ఉంచుతానన్నాను.